మారుతల్లి చెప్పిన మిగతా సగం

ఇంగ్లీషు టీచరు ఉద్యోగంలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు నరసరావుపేటలో మా ఇల్లు వెతుక్కుంటూ వస్తారు. "మేడం, క్లాసులో ఎట్లా ఉండాలో నాలుగు మాటలు చెప్పండి" అంటారు. నేను లేచి టీ పెడతాను. వచ్చి కూర్చుంటాను. మళ్ళీ లేచి కిటికీ తెరుస్తాను. ముప్పై ఎనిమిదేళ్ళు పిల్లల ముందు నిలబడి మాట్లాడినదాన్ని, ఆ నాలుగు మాటలు మాత్రం నోటికి రావు. ఒక సంగతి చెప్పకుండా మిగతావన్నీ చెబితే వాళ్ళను మోసం చేసినట్టే. ఆ సంగతేమో టీ చల్లారేలోగా చెప్పేది కాదు. అందుకని రాస్తున్నాను.

కాగితం మీద నా పని ఇంగ్లీషు నేర్పడం. నిజానికి నేను చేసింది యూరప్ కథలు చెప్పడం. హైస్కూల్ వాచకంలో అవే, తరవాత డిగ్రీ కాలేజీలో ఐచ్ఛికంగా చెప్పిన పేపరూ అవే. తోడేళ్ళు, అడవులు, రాజకుమారులు, సవతి తల్లులు. ఆ కథలు ఎక్కడ పుట్టాయో, ఎవరి చేతిలో ఎట్లా మారాయో, మన పిల్లల మీద ఏం పనిచేస్తాయో నాకు తెలిసేసరికి సగం సర్వీసు గడిచిపోయింది. అది కూడా పుస్తకాల వల్ల తెలియలేదు.

గాజు చెప్పు

మొదటి పోస్టింగు బెల్లంకొండ దగ్గర ఒక హైస్కూలు. నాకప్పుడు ఇరవై నాలుగేళ్ళు. ఎనిమిదో తరగతి వాచకంలో గాజు చెప్పు పాఠం ఉండేది. తల్లి లేని పిల్ల, సవతి తల్లి పెట్టే బాధలు, ఆదుకునే దేవకన్య, రాజుగారింట్లో విందు, మెట్ల మీద జారిపోయిన గాజు చెప్పు. అంతా కలిపి రెండున్నర పేజీలు.

పిల్లలు ఊరుకునే రకం కాదు.

"గాజు చెప్పులేసుకుంటే పగలవా మేడం? కాలు తెగిద్ది గదా!"

"మా చేలో పల్లేరుకాయల మీద నాలుగడుగులు ఏస్తే తెలిసిద్ది ఆమెకి."

అందరం నవ్వుకున్నాం. నాకు సంతోషం వేసింది, పిల్లలు పాఠంలో పడ్డారని. ఆ ఊపులోనే పుస్తకం చివర ఉన్న ప్రశ్న అడిగాను. సవతి తల్లి ఆ పిల్లను ఎట్లా చూసేది?

వెనక బెంచీలోంచి ఒకడు లేచాడు. "నాగమణిని అడగండి మేడం. వాళ్ళింట్లో ఉందిగా!"

క్లాసంతా గొల్లుమంది. నేనూ నవ్వాను. పెద్దగా కాదు గానీ, నవ్వాను. మూడో బెంచీలో చివర కూర్చున్న పిల్ల తల వంచుకుంది. సన్నగా ఉండేది, ఎర్ర రిబ్బన్లు కట్టుకునేది, అడిగితే తప్ప మాట్లాడేది కాదు. అక్కడ ఆగాల్సింది. నేను బోర్డు వైపు తిరిగి, క్రూరమైనది, ఈర్ష్య పడేది, దుర్మార్గురాలు అనే అర్థాలొచ్చే మూడు ఇంగ్లీషు మాటలు రాశాను. అందరి చేతా పదేసి సార్లు పలికించాను. నాగమణి కూడా పలికింది.

మర్నాటి నుంచి తొమ్మిది రోజులు ఆ పిల్ల బడికి రాలేదు. హాజరుపట్టీలో రాలేదని గుర్తు పెట్టుకుంటూ పోయాను. వచ్చాక, "జ్వరమా?" అని అడిగాను. "అవును మేడం" అంది. అంతటితో సరి. మరుసటి ఏడు నాకు బదిలీ అయింది.

ప్రిన్సిపాల్ గారి నమ్మకం

పదహారేళ్ళ తరవాతి మాట. అప్పటికి నేను నరసరావుపేటలో ఒక డిగ్రీ కాలేజీలో ఉన్నాను. మా ప్రిన్సిపాల్ గారు చరిత్ర చదువుకున్న మనిషి. కాలేజీకి లైబ్రరీ గది లేకపోతే తన గదిని ఖాళీ చేసి ఇచ్చి, వరండాలో బల్ల వేసుకుని కూర్చున్నవాడు. ఆయన గురించి చెడు రాయడం నాకు ఇష్టం లేదు. కానీ ఆయనకు ఒక నమ్మకం ఉండేది, ఆ నమ్మకానికి రుజువు కావాల్సి వచ్చినప్పుడు నేను దొరికాను.

"మేడం, ఆ యూరప్ కథలన్నీ మన దగ్గర్నుంచే పోయినయ్. వాళ్ళ పండితులే ఒప్పుకున్నారు. సెమినార్ పెడుతున్నాం, మీరు పేపర్ రాయండి. పల్నాడు నుంచి ఒక్క కథ తెచ్చి చూపిస్తే చాలు."

ఆయన మాటలో కొంత నిజముంది. జంతువుల నీతికథలు చాలా వరకు ఇక్కడినుంచి పారసీకం, అరబ్బీ మీదుగా పడమటికి నడిచి వెళ్ళాయి. దాన్ని పట్టుకుని పాతకాలపు జర్మనీ పండితులు కొందరు, కథలన్నిటికీ పుట్టిల్లు ఇండియానే అన్నారు. తరవాత వచ్చినవాళ్ళు అంత తేలిక కాదన్నారు. చెప్పు పోగొట్టుకున్న పిల్ల కథనే తీసుకుంటే, ఫ్రాన్సులో అచ్చు వేసుకోవడానికి కొన్ని వందల ఏళ్ళ ముందే చైనాలో రాసిపెట్టారు. కథ ఎటునుంచి ఎటు పోయిందో చెప్పడం, ఏటిలో నీళ్ళు ఏ వానవో చెప్పడం లాంటిది. ఇవన్నీ నాకు అప్పటికే తెలుసు. అయినా, "సరే సార్" అన్నాను. జిల్లా స్థాయి సెమినార్‌లో నా పేరు ఉంటుందన్న ఆశ.

ఆదివారం ఆదివారం టేప్‌రికార్డర్ సంచిలో వేసుకుని బస్సెక్కేదాన్ని. పెదకూరపాడు వెళ్ళాను. గురజాల వైపు రెండు ఊళ్ళు తిరిగాను. దయ్యాల కథలు దొరికాయి, వీరుల కథలు దొరికాయి, అత్తాకోడళ్ళ కథలు కావలసినన్ని. చెప్పు కథ మాత్రం ఎక్కడా లేదు. ఇంట్లో కూర్చోబుద్ధి కాదు, ఊరు వెళితే ఊళ్ళో నిలవబుద్ధి కాదు.

చివరికి ఈపూరు నుంచి కాలేజీకి వచ్చే ఒక అమ్మాయి అంది, "మా వీధిలో అంకమ్మత్తని ఒకామె ఉంది మేడం. మిరపకల్లంలో ఆమె ఉంటే మాకు పనే తెలీదు, అట్టా చెప్పిద్ది కథలు."

మిరపకల్లం

ఫిబ్రవరి ఎండ. కల్లం నిండా ఎర్రగా మిరపకాయలు. పది మంది ఆడవాళ్ళు నోటికి గుడ్డలు కట్టుకుని, తెల్లబారిన తాలుకాయలు ఏరి పక్కన పోస్తున్నారు. అంకమ్మకు నలభై ఏడు, నలభై ఎనిమిది ఉంటాయి. నాకంటే ఏడెనిమిదేళ్ళు పెద్ద. అక్కా అని పిలిచాను.

"కథా? నీకెందుకమ్మా పంతులమ్మా నా కథలు? నీ దగ్గర పుస్తకాలుండయ్ గా" అంది.

"చెప్పు వదినా, టేపులో పడతావ్" అని పక్కనున్నామె మోచేత్తో పొడిచింది.

అంకమ్మ చేతులు ఆపకుండానే మొదలుపెట్టింది.

"ఒక ఊళ్ళో ఒక పిల్ల. పుట్టినప్పుడే తల్లి చచ్చిపోయింది. తండ్రి ఇంకో మనువు చేసుకున్నాడు. మారుతల్లి వచ్చింది గాని, ఇంట్లో పెత్తనం మొత్తం ఆ పిల్ల మేనత్తది. పిల్ల చేత పేడ ఎత్తించేది, బొగ్గులు మోయించేది. కాళ్ళకి చెప్పులు గూడా లెవ్వు. తిరునాళ్ళొచ్చింది. మేనత్త తన కూతుర్ని ముస్తాబు చేసి బండెక్కించింది. ఈ పిల్ల ఎండకి కాళ్ళు బొబ్బలెక్కి గడపలో కూకోనుంది. మారుతల్లి చూసింది. ఆమెకేం ఉండయ్ ఇయ్యటానికి? పుట్టింటోళ్ళు పెట్టిన అద్దాల సంచి ఒకటుంది. ఆ అద్దాలన్నీ ఊడదీసి, తోలు చెప్పులకి ఒక్కోటి కుట్టింది. చేతి ఏళ్ళు నెత్తుర్లయినా కుట్టింది. అవి ఏసుకుని పిల్ల తిరునాళ్ళలో నడుస్తావుంటే, సూర్యుడు కిందికి దిగాడా అని జనం కిందికి చూశారంట..."

తరవాతిది మీరు ఊహించగలరు. తొక్కిసలాటలో ఒక చెప్పు ఊడిపోతుంది. మోతుబరి కొడుకు అది పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతాడు. మేనత్త కూతురి కాలికి పట్టదు, ఈ పిల్ల కాలికి పడుతుంది. అంకమ్మ కథ ముగించిన తీరు మాత్రం నేను ఎక్కడా వినలేదు.

"బండెక్కుతా పిల్ల అన్నది, చెప్పులు కుట్టినామె రాకపోతే నేను రానని. మారుతల్లిని తోడు తీసకపోయింది. అంతే కథ."

అద్దాల చెప్పు! ఇక్కడ అద్దాలు కుట్టిన తోలు చెప్పే, దేశాలు దాటి వెళ్ళేసరికి గాజు చెప్పు అయిందన్నమాట. నాకు కావలసింది ఇదే. వెంటనే టేపు ఆపేశాను. అయిదింటి నరసరావుపేట బస్సు ఉంది. సంచీ సర్దుతుంటే అంకమ్మ అంది, "ఇది మా పిల్ల బళ్ళో..." మిరప ఘాటుకు దగ్గు వచ్చింది, మాట తెగింది. నేను ఆగలేదు. "వస్తానక్కా, మళ్ళీ వస్తా" అంటూనే రోడ్డు మీదకు నడిచాను.

బస్సు టైమైందని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. బస్సు ఆ రోజు అరగంట ఆలస్యంగా వచ్చింది. రోడ్డు మీద నిలబడ్డాను గానీ వెనక్కి వెళ్ళలేదు. ఆ మాటలో మిగతా సగం వినాలని నాకు లేదు.

కొత్తవాళ్ళకు చెప్పేదేమంటే, ఎవరి దగ్గరన్నా కథ తీసుకోవడానికి వెళితే, కథ అయిపోయాక ఇంకో గంట కూర్చోండి. అసలు సంగతి అప్పుడే బయటికి వస్తుంది.

పేపరు పట్టుకుని వచ్చిన మనిషి

సెమినార్ బ్రహ్మాండంగా జరిగింది. చప్పట్లు కొట్టారు. ప్రిన్సిపాల్ గారు నాకు శాలువా కప్పారు. జిల్లా పేపరులో ఫొటో వేశారు. కాలేజీ సంచికలో నా వ్యాసం అచ్చయింది. అందులో నా తెలివి చూపించుకోవడానికి ఒక పేరా చేర్చాను. ఈ కథలో సవతి తల్లి మంచిదిగా కనబడడం తరవాత ఎవరో చేసిన వికృతి అని, ప్రాచీన రూపంలో ఆమె క్రూరురాలే అయి ఉంటుందని, ఏ దేశపు కథలోనైనా సవతి తల్లి స్వభావం అంతేనని రాశాను.

నెల తిరిగాక ఒక మధ్యాహ్నం స్టాఫ్‌రూం గుమ్మంలో ఒకామె నిలబడింది. ముప్పై ఏళ్ళలోపే. చేతిలో మా సంచిక మడతపెట్టి ఉంది.

"గుర్తుపట్టారా మేడం? బెల్లంకొండ దగ్గర హైస్కూల్. ఎనిమిదో తరగతి. నాగమణిని."

పేరు వినగానే ఆ ఎర్ర రిబ్బన్లు కళ్ళముందు కదిలాయి. కూర్చోమన్నాను. కూర్చోలేదు.

"నేను ఈపూర్లో అంగన్‌వాడీ టీచర్నండీ. పెళ్ళి ఆ ఊరే. నాన్న పోయాక అమ్మ నా దగ్గరే ఉంటది. మీరు కల్లంలో టేపు చేసుకుంది మా అమ్మనే."

"అంకమ్మ మీ అమ్మా?"

"మా మారుతల్లి. ఆ కథ మీరు చెప్పిందే మేడం."

నాకు అర్థం కాలేదు. ఆమె నిలబడే చెప్పింది, ఎక్కడా గొంతు పెంచకుండా.

ఆ రోజు బడి నుంచి ఇంటికెళ్ళి నాగమణి అన్నం కంచం నెట్టేసింది. నువ్వు సవతి తల్లివి, నీ చేతి కూడు తినను అంది. బోర్డు మీది మూడు ఇంగ్లీషు మాటలు తల్లి ముఖం మీదే అంది. అంకమ్మకు ఇంగ్లీషు రాదు, తెలుగు చదవనూ రాదు. అర్థం అడిగింది. పిల్ల చెప్పింది. రెండు రోజులు ఆ పిల్ల మేనత్త ఇంట్లో తింది. ఆ మేనత్తే, "మారుతల్లి బుద్ధి పోనిచ్చుకుంటదా?" అని ఎగదోసింది. మూడోనాడు అంకమ్మ వెళ్ళి, పిల్లను చెయ్యి పట్టుకుని మిరపచేలోకి తీసుకుపోయింది.

"'ఏంది ఆ కథ, మొత్తం చెప్పు నాకు' అన్నది మేడం. కోపంగానే చెప్పాను, ఒక్క ముక్క వదలకుండా. అమ్మ వింటా కాయలు కోస్తా ఉంది. అంతా అయినాక అన్నది, 'మీ పంతులమ్మకి సగమే తెలుసు. మిగతా సగం నేను చెప్తా ఇను' అని. ఆ అద్దాల చెప్పులు అప్పుడొచ్చినయ్. నేను నమ్మలా. ఏడు రోజులు రోజూ అదే కథ చెప్పింది. రోజుకింత కలిపింది. ఎనిమిదో రోజు నేనే అన్నాను, అన్నం పెట్టమ్మా అని."

స్టాఫ్‌రూంలో ఫ్యాను తిరుగుతోంది.

"పేపర్లో పడిందని వీధిలో అందరూ చెబితే అమ్మ సంబరపడింది. నన్ను చదవమన్నది. చదువుతా చదువుతా ఈ పేరా దగ్గర ఆగాను మేడం. 'ఆగావేందే?' అన్నది. అయిపోయిందమ్మా అన్నాను." సంచిక తెరిచి, ఆ పేరా కింద పెన్సిల్‌తో గీసిన గీత చూపించింది. "ఇంకెవరన్నా చదివి వినిపిస్తారు ఎప్పుడో ఒకప్పుడు. ఈ ముక్క తీసేయండి. నాకు కావల్సింది అంతే."

నీళ్ళు తాగమన్నాను. తాగలేదు. వెళ్ళిపోయింది.

అన్నదమ్ములు చేసిన మార్పు

ఆ తరవాత కొన్ని నెలలు నేను నిలకడగా ఉన్న రోజు లేదు. క్లాసులో మాట మధ్యలో మరిచిపోయేదాన్ని. సెలవు పెట్టి హైదరాబాదు లైబ్రరీలకు తిరిగాను. పదహారేళ్ళుగా పాఠం చెబుతున్న కథల గురించి మొదటిసారి నిజంగా చదవడం మొదలుపెట్టాను.

జర్మనీలో ఇద్దరు అన్నదమ్ములు పల్లెజనం నోటి కథలు సేకరించి అచ్చు వేశారని నేను పిల్లలకు చెప్పేదాన్ని. చూడబోతే, వాళ్ళకు కథలు చెప్పినవాళ్ళలో చాలామంది పల్లె ముసలమ్మలు కాదు, పట్నంలో చదువుకున్న ఆడపిల్లలు. కొందరి పెద్దలు ఫ్రాన్సు నుంచి వలస వచ్చినవాళ్ళు. అచ్చమైన జర్మనీ కథ అనుకున్నది, అంతకు ముందెప్పుడో పుస్తకంలో అచ్చై, చదివినవాళ్ళ నోట పడి, మళ్ళీ పుస్తకంలోకి వచ్చింది. అంకమ్మ కథలాగే.

ఇంకొకటి చదివినప్పుడు పుస్తకం మూసి బయటికొచ్చి రోడ్డు మీద నడిచాను. ఆ అన్నదమ్ముల మొదటి అచ్చులో, కొన్ని కథల్లో పిల్లలను అడవిలో వదిలేయమన్నదీ, కూతురి అందం చూసి ఓర్వలేకపోయిందీ కన్నతల్లే. తరవాతి అచ్చుల్లో వాళ్ళే కన్నతల్లిని తీసేసి ఆ చోట సవతి తల్లిని కూర్చోబెట్టారు. పిల్లలున్న ఇళ్ళలో చదివే పుస్తకం గదా, కన్నతల్లి చెడ్డదంటే ఎవరూ ఒప్పరని. సవతి తల్లి స్వభావం అంతే అని నేను రాసిన వాక్యానికి పునాది అది. ఇద్దరు మనుషులు కలంతో చేసిన మార్పును నేను లోకస్వభావం అన్నాను.

అమ్మమ్మ ఇంటికి వెళ్ళే పిల్లను తోడేలు మింగే కథ కూడా అంతే. పుస్తకంలో వేటగాడు వచ్చి పిల్లను కాపాడతాడు. పాత నోటి కథల్లో కొన్నిట్లో పిల్ల తనంతట తానే, బయటికి పోవాలని తోడేలుకు సాకు చెప్పి తప్పించుకుంటుంది. ఇది డిగ్రీ క్లాసులో చెప్పినప్పుడు గురజాల నుంచి వచ్చే ఒకమ్మాయి లేచి, "మరి మాకు చిన్నప్పుడు వేటగాడి కథే ఎందుకు చెప్పారు మేడం?" అని నిలదీసింది. అంతకు ముందు అట్లాంటి ప్రశ్నకు గైడులో ఉన్న జవాబు చెప్పేదాన్ని. అడవి అంటే మనసు, తోడేలు అంటే కోరిక, చెప్పు అంటే ఇంకేదో. బాణం గుర్తులు వేసి బోర్డు నింపేదాన్ని. అర్థాలు చెప్పడం తప్పని అనను. కానీ అర్థం చెప్పేముందు, ఈ కథ ఎవరు ఎవరికి ఏ అవసరంతో చెప్పారో కనుక్కోండి. ఆ యూరప్ ఊళ్ళలో కాన్పుల్లో తల్లులు చచ్చిపోయేవాళ్ళు, రెండో పెళ్ళిళ్ళు ఎక్కువ, ఉన్న కాస్త తిండికి పోటీ. ఆ భయం కథల్లోకి ఎక్కింది. నాగమణిని కన్న తల్లి కూడా కాన్పులోనే పోయింది. అది అడవీ కాదు, మనసూ కాదు.

ఇప్పుడు మా వీధిలో పుట్టినరోజు కేకు మీద ఆ కథల్లోని కోట ఉంటుంది, పిల్లకు గులాబీరంగు గౌను ఉంటుంది. దానికి నాకేం బాధ లేదు. కోటతో పాటు సవతి తల్లి కూడా వస్తుంది, ఆమెను ఎవరూ చూడరు.

గుంటూరులో

ఇంతలో ప్రిన్సిపాల్ గారు గుంటూరులో పెద్ద సదస్సుకు నా వ్యాసం పంపించేశారు. ఆయన వరండా బల్ల ముందు నిలబడి జరిగినదంతా చెప్పాను. విని, పెన్ను మూత తీస్తూ పెడుతూ అడిగారు.

"ఈ సంగతి ఎవరెవరికి తెలుసు?"

"నాగమణికి, నాకు. ఇప్పుడు మీకు."

"అయితే ఏమైంది మేడం? ఆమె పల్నాటి మనిషే గదా. ఆమె చెప్పింది పల్నాటి కథే. కావాలంటే ఆ పేరా ఒక్కటి కొట్టేయండి. మిగతాది చదివేయండి."

"అది ప్రాచీనం కాదు సార్. నేను చెప్పిన పాఠమే నాకు తిరిగొచ్చింది."

"మీరు ఇప్పుడు కాదంటే కాలేజీని చూసి నవ్వుతారు. నన్ను చూసి నవ్వుతారు." ఆయన గొంతులో కోపం కన్నా బతిమాలడం ఎక్కువ వినబడింది. దానికే నాకు కష్టం వేసింది.

సరేనని గానీ, కాదని గానీ అనకుండా వచ్చేశాను. అది కూడా తప్పే. ముందే కాదని చెప్పి ఉంటే ఆయన గుంటూరు వచ్చేవారు కాదు.

ఆయన మొదటి వరసలో కూర్చున్నారు. నేను వేదికెక్కి రాసుకొచ్చిన కాగితాలు పక్కన పెట్టి, బెల్లంకొండ క్లాసు దగ్గర మొదలుపెట్టాను. నవ్విన సంగతి చెప్పాను, పదేసి సార్లు పలికించిన సంగతి చెప్పాను. తెగిపోయిన మాట, ఆలస్యంగా వచ్చిన బస్సు కూడా చెప్పాను. మా కథ యూరప్‌కు వెళ్ళలేదు, యూరప్ కథే నా నోటి మీదుగా ఒక మిరపచేలోకి వచ్చింది, అక్కడ ఒక ఆడమనిషి తన బిడ్డ అన్నం తినడం కోసం దాన్ని తిరగరాసింది, యూరప్‌లోనూ కథలు ఇట్లాగే పుట్టి ఇట్లాగే మారాయి అన్నాను. వెనక వరసల్లో కొందరు నవ్వారు. అధ్యక్షుడిగా కూర్చున్న పెద్దాయన, ఇటువంటి పేపరు రోజూ దొరకదన్నారు. నేను చూస్తున్నది మాత్రం మొదటి వరసలో ఖాళీ అయిన కుర్చీని.

తిరుగు ప్రయాణం ఒక్కదాన్నే బస్సులో. మరుసటి ఏడు కథల పేపరు ఎత్తేసి నాకు వ్యాకరణం ఇచ్చారు. ప్రిన్సిపాల్ గారు రిటైరయ్యేదాకా, రెండేళ్ళు, నాతో పని మాటలు తప్ప మాట్లాడలేదు. ఆయన వీడ్కోలు సభలో దండ వేయబోతే తల వంచి వేయించుకున్నారు, నా ముఖం చూడలేదు. నేను చెప్పింది నిజమే. ఆయనను అందరి ముందు కూర్చోబెట్టి చెప్పాల్సిన అవసరం లేదు. ఈ రెండూ నాకు ఇప్పటికీ ఒకచోట ఇమడవు.

గుంటూరు నుంచి వచ్చిన ఆదివారం ఈపూరు వెళ్ళాను. నాగమణి పక్కన ఉండగానే ఆ పేరా నేనే అంకమ్మకు చదివి వినిపించాను. తప్పు రాశానక్కా, సంచికలో దిద్దుబాటు వేయిస్తానన్నాను. జర్మనీ అన్నదమ్ముల సంగతి కూడా చెప్పాను.

అంకమ్మ అంతా విని అడిగింది, "కన్నతల్లిని తీసేసి మారుతల్లిని పెట్టారంటివే, ఎందుకంట?"

"కన్నతల్లి చెడ్డదంటే పిల్లలు బెదిరిపోతారని."

"మరి మారుతల్లి దగ్గిర పెరిగే పిల్లలు బెదరరా?"

నాగమణి తలుపు దగ్గర నిలబడి నన్నే చూస్తోంది. అంకమ్మ నా ముందుకు మజ్జిగ గ్లాసు జరిపింది. "తాగు. ఎండనబడి వచ్చావ్."

దిద్దుబాటు వచ్చింది, చివరి పేజీలో, చిన్న అక్షరాల్లో.

ఈపూరు అంగన్‌వాడీ

రిటైరయ్యాక ఈపూరు వెళ్ళడం ఎక్కువైంది. ఇంట్లో కాలు నిలవనప్పుడల్లా బస్సెక్కుతాను. అంకమ్మకు డెబ్బై దాటాయి. కల్లానికి వెళ్ళడం లేదు. పొద్దున పూట నాగమణి వెంట అంగన్‌వాడీకి వచ్చి, పిల్లలకు ఉడికించిన గుడ్ల పెంకు ఒలిచిపెడుతూ కథలు చెబుతుంది.

మొన్న చలికాలంలో వెళ్ళినప్పుడు అద్దాల చెప్పుల కథే చెబుతోంది. నేను గోడకు ఆనుకుని కూర్చున్నాను. పన్నెండు మంది పిల్లలు. అంకమ్మ ఒళ్ళోకి దాదాపు ఎక్కేసి ఒక నాలుగేళ్ళ పిల్ల, వారం కిందటే కొత్తగా చేరింది.

"ఒక ఊళ్ళో ఒక పిల్ల. ఆ ఊళ్ళో కరువొచ్చింది. వానల్లేవు, బావుల్లో నీళ్ళు లెవ్వు. కరువు ఆ పిల్ల చేత బొగ్గులు మోయించింది, కాళ్ళకి చెప్పుల్లేకుండా చేసింది..."

మేనత్త లేదు. నేను నాగమణి వైపు చూశాను. ఆమె దగ్గరికి వంగి మెల్లగా అంది, "ఆ ఒళ్ళో పిల్లకి అమ్మా నాన్నా లేరు మేడం. సాకేది మేనత్తే. అందుకని అమ్మ మేనత్తని తీసేసింది."

తిరునాళ్ళు వచ్చింది. పిల్ల గడపలో కూర్చుంది. బొబ్బలెక్కిన కాళ్ళు. అంకమ్మ అద్దాల సంచి దగ్గరికి వచ్చింది. అద్దాలు ఒక్కొక్కటే ఊడదీసింది. ఆ పిల్ల అంకమ్మ గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుంది.

"కుట్టింది మా అత్తేనా?"

అంకమ్మ చేతిలో గుడ్డు సగం ఒలిచి ఉంది. తల ఎత్తి నాగమణిని ఒకసారి చూసింది. పళ్ళేలు సర్దుతున్న నాగమణి చేతులు ఆగాయి. ఆ కథలో అంకమ్మకు ఉన్నది చెప్పులు కుట్టిన ఆ ఒక్క చోటే.

నాగమణి తల ఊపింది.

"మీ అత్తేనే" అంది అంకమ్మ. "ఏళ్ళు నెత్తుర్లయినా కుట్టింది." ఒలిచిన గుడ్డు ఆ పిల్ల చేతిలో పెట్టి కథ కొనసాగించింది.